పదకొండో నంబరు పిల్ల

ఉత్తర ధ్రువానికి దగ్గరున్న మా ఊళ్లో నవంబరు చివర పోయిన సూర్యుడు జనవరిలో గానీ రాడు. అయినా గురువారం వచ్చిందంటే బడి పిల్లల్ని అడవికి తీసుకెళ్లాల్సిందే. మంట వేసి, పుల్లలకు సాసేజీలు గుచ్చి కాల్చుకు తిని, రెండింటికి దిగొచ్చేస్తాం. నేను ఆ బడిలో టీచరుకు సాయంగా ఉండేదాన్ని.

అడవి నుంచి బయల్దేరే ముందు ఎవరి నంబరు వాళ్లు అరవాలి. పదిహేడు మంది. పదకొండు ఇడున్‌ది. ఎనిమిదేళ్లు. గాజు సామాన్ల మధ్య గడ్డి కుక్కినట్టు, ఇద్దరు అల్లరి మగపిల్లల మధ్య ఆ పిల్లను కూర్చోబెట్టింది టీచరు గున్‌వోర్. నన్నూ ఏడేళ్లు అలాగే కూర్చోబెట్టారు. కాబట్టి అలాంటి పిల్లను ఎవరూ చూడరని నాకైనా తెలిసుండాలి.

ఆ రోజు నేను తలెత్తలేదు. ఫోన్లో జాబితా చూస్తూ టిక్కులు పెట్టుకుంటూ పోయాను. "పదకొండు" అని సన్నగా వినబడింది. పెట్టేశాను.

మూడున్నరకు వాళ్లమ్మ ఫోను. ఇడున్ బస్సు దిగలేదు.

"బుద్ధిమంతురాలు కదా, ఎక్కడో బొమ్మలేసుకుంటూ ఉంటుంది," అంది గున్‌వోర్.

బడంతా వెతికాం. ఇడున్ పక్కన కూర్చునే అల్లరి పిల్లాడు బ్రాగె ఇంకా వెళ్లలేదు. వాణ్ణడిగాను.

"మంట దగ్గరే ఉండిపోయింది."

"మరి చెప్పొద్దట్రా?"

"నన్ను నోర్మూసుకోమన్నారుగా మీరే."

"ఆమె నంబరు నువ్వు చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను?"

"పోలీసులకు చెప్పాను. వాళ్లొచ్చేదాకా ఆగు, రాగ్ని," అంది గున్‌వోర్.

"పుట్టినప్పట్నుంచీ ఆగుతూనే ఉన్నాను," అని కారు తీశాను.

రోడ్డు నుంచి పది నిమిషాల నడక. తడి బూడిద వాసన. నా బూట్ల కింద మంచు నలిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. నుదుటి లైటు వెలుగులో, మేం మంట వేసే చోట, చెక్కల చావిడి కనిపించింది. మూడు వైపులే గోడలు. లోపల బల్ల.

బల్ల మీద నలుగురు.

చివర ఇడున్. పక్కన ముగ్గురు పిల్లలు... పాతకాలపు ఉన్ని టోపీలు, మోకాళ్ల మీద చేతులు. ఇడున్ నోట్లోంచి మాత్రమే ఆవిరి వస్తోంది.

"ఇడున్... లే."

"మాట్లాడకు," గుసగుసగా అంది. "వీళ్లు నన్ను చూస్తున్నారు, రాగ్ని. పొద్దుట్నుంచీ చూస్తున్నారు."

మూడు తలలు నావైపు తిరిగాయి. ఒకరు కాస్త జరిగారు. ఇంకొకరూ జరిగారు. మధ్యలో ఖాళీ... సరిగ్గా నాకు సరిపోయేంత.

నా మోకాళ్లు వంగాయి. అలవాటు మరి.

అప్పుడు కోపం వచ్చింది. వాళ్ల మీద కాదు.

"కూర్చోను," అన్నాను. తర్వాత అరిచాను, బతుకులో మొదటిసారి. "ఇంక కూర్చోను. తప్పు నాది, ఇడున్. నేను చూళ్లేదు. ఇప్పుడు చూస్తున్నాను. అందర్నీ చూస్తున్నాను."

ఇడున్ పెదవులు కదిలాయి.

"చలేస్తోంది."

"గట్టిగా చెప్పు."

"చలేస్తోంది. ఆకలేస్తోంది. నన్నెందుకు వదిలేసి వెళ్లారు?" అడవంతా మోగింది.

ఎత్తుకుని పరిగెత్తాను. వెనక అడుగుల చప్పుడు లేదు. ఒక్కటి కూడా.

ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, హీటరు వేశాను. కారు కదలగానే బెల్టు పెట్టుకోమనే గంట మోగింది. ఎదురుగా మీటర్ల పక్కన మూడు ఎర్ర దీపాలు. వెనక సీట్లో ముగ్గురు, బెల్టుల్లేకుండా.

అద్దంలోకి చూడలేదు. వీళ్లను ఆ బల్ల మీదికి మళ్లీ దింపి రావాలా? దింపను.

"బెల్టులు పెట్టుకోండి," అన్నాను.

టక్.

టక్.

కాసేపటికి... మూడోది.