తువ్వాలు కింద మూడు వేళ్ళు

"డాక్టరుగారు లేరా?" అన్నాను గుమ్మంలోనే.

"నేనేనండీ. ప్రమీలారాణి. కాకపోతే డాక్టర్ని కాదు, కౌన్సెలర్ని."

నాకంటే ఒకటో రెండో ఏళ్ళు చిన్నదై ఉంటుంది. బల్ల మీద ఒక పెన్ను, ఒక ఫైలు తప్ప ఏమీ లేవు.

"మందులిస్తారా?"

"ఇవ్వనండీ."

"ఇంజెక్షన్?"

"అదీ లేదు. మీరు మాట్లాడతారు, నేను వింటాను."

"దానికి నూజివీడు దాకా రావాలా? మా ఊరి సెలూన్లో ఫ్రీగా వింటారు."

ఆమె నవ్వలేదు. "మరి వాళ్ళకి చెప్పారా?" అంది.

చెప్పలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అది ఎనభై నాలుగు అక్టోబరు. అంతకు కొన్ని నెలల ముందు దాకా నేను రైల్వే టీములో వాలీబాల్ ఆడేవాణ్ణి. ఒక స్మాష్ కొట్టి కిందికి దిగడంలో మోకాలు మెలిపడింది. ఇక ఆట లేదన్నారు. రెడ్డిగూడెం దగ్గర మా ఊరొచ్చి, నాన్న పోయాక అమ్మ ఒక్కతే చూసుకుంటున్న మామిడి తోట వైపు తొంగి కూడా చూడకుండా, మంచం మీద పడుకుని ఇంటి దూలాలు చూడటం మొదలుపెట్టాను. మా అమ్మ నాగేశ్వరమ్మ నాలుగు నెలలు ఓపిక పట్టింది.

"ఒరే రామం, అది పిచ్చి డాక్టరు కాదురా, మాటల డాక్టరంట. వెళ్ళకపోతే మంచంతో సహా మోయిస్తాను" అంది చివరికి. అన్నంత పనీ చేసే మనిషి. అందుకే వచ్చాను.

"సరే, ఒకటి నుంచి పది దాకా ఒక అంకె చెప్పండి" అంది ప్రమీలారాణి. "పదంటే బతుకు బాగుంది. ఒకటంటే పొద్దున లేవాలనే లేదు. ఇవాళ మీరెక్కడున్నారు?"

అంకె తెలుసు. నోట్లోంచి రావడం లేదు. మా వైపు తోట బేరాలు నోటితో జరగవు. చేతుల మీద తువ్వాలు కప్పి, లోపల ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి, పక్కవాడికి తెలియకుండా ధర చెప్పుకుంటారు. నేను భుజం మీది తువ్వాలు తీసి, బల్ల మీద నా చేతికి కప్పాను.

"ఏంటండీ ఇది?"

"మా మామిడి బేరం. చెయ్యి లోపల పెట్టండి, చెప్తాను."

ఆమె తువ్వాలు వంక చూసింది, నా వంక చూసింది. పెట్టకూడదని ఆమెకి తెలుసు, ఏముందో చూడాలనీ ఉంది. చెయ్యి లోపలికొచ్చింది. రెండు వేళ్ళు పట్టి నొక్కాను.

"రెండా?"

"రెండేనండీ."

ఆ మాటతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత గంటసేపు ఆగకుండా మాట్లాడాను. ఆట పోయాక నేనెవరో నాకే తెలియడం లేదని మొదటిసారి ఒక మనిషితో చెప్పాను.

ప్రతి గురువారం వెళ్ళేవాణ్ణి. ఆమె ఒక్క సలహా ఇవ్వలేదు, ప్రశ్నలే.

"ఆటలో మీకు బాగా ఇష్టమైందేంటి?"

"బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టడమండీ."

"అది మోకాలితో చేసే పనా?"

బస్సులో ఇంటిదాకా అదే ప్రశ్న. మర్నాడు తోటలోకి నడిచాను. ఏ చెట్టు ఈ ఏడు కాస్తుందో, ఏది కాయకుండా ఊరుకుంటుందో కొమ్మను చూసి పసిగట్టాలి. నాకు బాగా నచ్చింది.

డిసెంబరుకి నా అంకె తొమ్మిది. తువ్వాలు కింద మాత్రం మూడు వేళ్ళే. బాగుపడ్డానంటే ఫైలు మూస్తారు, ఫైలు మూస్తే ఆమె కనిపించదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక గురువారం మూడు వేళ్ళు నొక్కగానే ఆమె నా కళ్ళలోకి చూసింది.

"మొన్న మీ అమ్మగారు సున్నుండలు పట్టుకొచ్చారు. మా వాడు తోటలో పాటలు పాడుతున్నాడమ్మా, కోతులు కూడా రావడం లేదు అన్నారు."

నేను రెండో చేత్తో తువ్వాలు అంచు సర్దాను.

"బయట బెంచీ మీద ఒకావిడ ఉంది, చూశారా? గంట ఖాళీ లేక మూడు వారాల్నుంచి తిప్పి పంపుతున్నాను. ఆ గంట మీ దగ్గరుంది."

సిగ్గుతో చచ్చిపోయాను. చెయ్యి తీసేసుకున్నాను.

"తొమ్మిదండీ" అన్నాను నోటితో.

"ఎందుకు దాచారు?"

"చెప్తే ఇక రావద్దంటారని."

ఆమె ఫైలు మూసేసింది. "ఇక రానక్కర్లేదండీ" అంది. నా వంక చూడలేదు. కోపమనుకున్నాను. బయటికొచ్చి, బెంచీ మీదావిడతో "వెళ్ళండమ్మా" అని చెప్పి బస్సెక్కాను.

పూత వచ్చింది. ఏటా పూత మీదే ఆ ఏటి కాపంతా వ్యాపారికి అమ్మేసేవాళ్ళం. ఈసారి దళారి చిన్నప్ప వస్తే, "ఇవ్వను బాబాయ్, నేనే చూసుకుంటాను" అన్నాను. మనసు మాత్రం గురువారాలు లెక్కపెడుతూనే ఉంది.

మే నెలలో కాయ దింపుతుంటే చినుకులు మొదలయ్యాయి. గొడుగు సరిగా తెరుచుకోక, దానితో పోట్లాడుతూ గట్టు మీద నడిచొస్తోంది ప్రమీలారాణి. తోటలోని కాపలా పాకలోకి తీసుకెళ్ళాను.

"పేషెంటుగా చూసినవాళ్ళని బయట కలవకూడదండీ. అందుకే ఐదు నెలలు ఆగాను" అంది చీర కొంగు పిండుకుంటూ. "ఇక ఆగే టైం లేదు. విశాఖలో పెద్ద ఆస్పత్రి వాళ్ళు రమ్మంటున్నారు. జూన్లో చేరాలి. అందర్నీ మీకేం కావాలని అడిగేదాన్ని. నన్ను నేను అడిగితే భయమేస్తోంది."

వాన పెరిగింది. ఆమె మాట్లాడుతూనే ఉంది. విశాఖ జీతం, ఇక్కడి బెంచీ మీది జనం, ఎటూ తేలని రాత్రులు. నేను విన్నాను.

"మీరేమంటారు?" అంది చివరికి.

"మీలాగా ప్రశ్న తిప్పి వెయ్యడం నాకు రాదండీ. ఉండిపోండి. మీరంటే నాకు ప్రేమ. మీరు వెళ్ళిపోయినా నేను మళ్ళీ మంచమెక్కను, తోట చూసుకుంటాను, బాగానే ఉంటాను. అయినా మీరు కావాలి."

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. "బాగానే ఉంటాను అన్న మాట మీ నోట వస్తుందో రాదోనని భయపడుతూ వచ్చానండీ. అది లేకుండా మీరు ఉండమన్నా ఒప్పుకునేదాన్ని కాదు."

"ఇప్పుడు?"

"ఉంటాను. విశాఖకి ఉత్తరం రాసేస్తాను."

అప్పటికే అమ్మ పళ్ళెంలో రసాలు పట్టుకుని పాక గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరం చూడలేదు.

"మా వాడికి పూర్తిగా తగ్గినట్టేనా అమ్మా?"

"తగ్గిందండీ."

"అయితే మీ నాన్నగారి అడ్రసు చెప్పు. మిగతా మాటలు నేను మాట్లాడతాను."

ప్రమీల తల దించుకుని ఏలూరు అడ్రసు చెప్పింది. నేను కాగితం కోసం వానలో ఇంటికి పరుగెత్తాను, మోకాలి సంగతి గుర్తే లేదు.