బయలుదేరని పడవ

మైకులో పదకొండో ప్రకటన ముగియగానే వీరవేణి ఒక గుక్క నీళ్లు తాగి, సాపుగొంతు యంత్రం దీపంకేసి చూసింది. పచ్చగానే వెలుగుతోంది. తను "ఉ-ఉ-ఉప్పు తగ్గించండి" అన్నది, బజారులో "ఉప్పు తగ్గించండి" అని చక్కగా వినబడింది. సాపుగొంతు పనే అది. మనిషి తడబాటును ఏరి పారేస్తుంది, అరక్షణం దాటిన ఖాళీని పూడ్చేస్తుంది, వాక్యాన్ని నున్నగా చేసి వదులుతుంది. తొమ్మిదేళ్లుగా, కాకినాడ రేవులో నీళ్ల మీద తేలే ఈ తేలుబజారులో మోగుతున్న ఈ గొంతుకు నత్తి ఉందని పర్యవేక్షకులు సూర్రావు గారికి తప్ప ఒక్కరికీ తెలియదు.

ఆ మాటకొస్తే ఆ గొంతును ఎవరైనా వింటున్నారా అన్నదే అనుమానం. మూడు వందల తెప్పల మీద బేరాలు సాగుతుంటే, నెత్తిన ఆరోగ్య ప్రకటనలు ఫ్యాను చప్పుడులా తిరుగుతూ ఉంటాయి. రేవులో మూడు రోజులుగా వైద్యుల నాడిపడవ ఆగి ఉంది. షుగరు, బీపీ, కళ్లు, కాళ్లు, అన్నీ చూస్తారు. ఎక్కినవాళ్లు నలుగురు. అందులో ఇద్దరు నీడ కోసం ఎక్కారు.

తేలుబజారులో తూకాలూ వంతెనలూ పడవలూ అన్నీ మైకులోని వాక్యాన్ని బట్టే నడుస్తాయి. "మూడో వంతెన దిగుతోంది" అన్న మాట పూర్తయితేనే వంతెన దిగుతుంది. మధ్యలో మాట తెగితే ఎక్కడివక్కడ ఆగిపోవాలి. ఇన్నేళ్లలో మాట తెగిందే లేదు కాబట్టి ఆ సంగతి అందరూ మరిచిపోయారు.

వీరవేణి కిటికీలోంచి కిందికి చూసింది. చేపల తెప్ప మీద కాసులమ్మ చెంబుతో నీళ్లు చిమ్ముతూ అటూ ఇటూ టపటపా నడుస్తోంది. వీరవేణి చూపు ఆమె ఎడమ కాలి మీదే ఆగింది.

నిన్న కానాగంత చేపలు కొనడానికి వెళ్లినప్పుడు చూసింది ఆ కాలు. ఎడమ మడమలో చేపముల్లు దిగి పుండు పడింది. చుట్టూ నల్లబడింది. ఆ మనిషికి నొప్పే తెలుస్తున్నట్టు లేదు. నొప్పి తెలియని పుండు షుగరుది కావచ్చని వీరవేణి రోజుకు మూడుసార్లు మైకులో చెబుతుంది. తీరా చెప్పాల్సిన మనిషి ఎదురుగా ఉంటే, మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసింది. బజారులో ఆమె ఎప్పుడూ వేలితో చూపించే కొంటుంది. కాసులమ్మ నవ్వి, "అరకేజీయేనా అమ్మా?" అంది. వీరవేణి తలూపి, చేపలు పుచ్చుకుని వచ్చేసింది. ఇంటికెళ్లి వండిన పులుసు గొంతు దిగలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

పన్నెండు కావస్తుండగా సూర్రావు గారు తలుపు తోసుకుని వచ్చారు.

"నాడిపడవ ఎల్లిపోద్దమ్మా. ఆఖరి ప్రకటన చదివెయ్యి."

"ఇం-ఇంకొంచెంసేపు ఉంచండి సార్."

"నా చేతుల్లో ఏముందమ్మా? ఎక్కేవోళ్లు లేరు. మళ్లీ ఆర్నెల్లకే దాని రాక."

ఆయన వెళ్లిపోయారు. ఆర్నెల్లకు కాసులమ్మకు ఆ కాలు ఉంటుందో ఉండదో. వీరవేణి మైకు దగ్గరికి జరిగింది. సాపుగొంతు మీట కిందికి నొక్కి ఆపేసింది. దీపం ఎర్రబడింది.

"న-న-నాడిపడవ బ-బ-బ-"

అక్కడ పట్టేసింది. తూకాల మీద అంకెలు ఆగిపోయాయి. మూడో వంతెన సగంలో నిలిచిపోయింది. రేవులో పడవ ఒక్కసారి గురగురమని ఊరుకుంది. మైకు పక్కనున్న తెర మీద ప్రశ్న వచ్చింది: "వాక్యం నేను పూర్తి చేయనా?" దాని పక్కనే "వద్దు" అన్న గడి. మైకు ముందున్న మనిషి వద్దంటే యంత్రం నోరు మూసుకోవాల్సిందే. తొమ్మిదేళ్లలో ఎవరూ ముట్టుకోని ఆ గడిని వీరవేణి నొక్కింది.

మూడు వందల తెప్పల మీద తలలన్నీ పైకి లేచాయి. జన్మంతా ఆమె భయపడింది సరిగ్గా దీనికే.

"మైకు పాడైపోయిందేంటండోయ్!" టమాటాల వీరన్న కేకేశాడు.

"మై-మైకు బాగానే ఉందండి," అంది వీరవేణి. "నాది న-నత్తి. పుట్టినప్పట్నుంచీ ఉంది. ఇన్నాళ్లూ మీరు వి-విన్నది యంత్రాన్ని. ఇ-ఇది నా గొంతు."

ఎవరో కిసుక్కున నవ్వారు. అంతలో రేవులో లంగరు తాడు పట్టుకునే పొడుగాటి మనిషి, ఎన్నడూ నోరు విప్పనివాడు, రెండు చేతులూ ఎత్తి అరిచాడు.

"అ-అ-అమ్మా! నాదీ న-నత్తేనండీ!"

బజారంతా ఈలలు. వీరవేణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"బయలుదేరుతోంది అను తల్లీ!" వీరన్న సాయం పట్టాడు.

"ఆ-ఆగండి! నా మాట నేనే పూ-పూర్తి చేసుకుంటా."

"చేసుకో, చేసుకో! తూకమే కదలట్లేదు, మాకేం తొందర!"

"అయితే ఈ-ఈలోపు ఒక పని చెయ్యండి. అందరూ మీ మీ అ-అరికాళ్లు చూసుకోండి. పుండుండి నొ-నొప్పి లేకపోతే, అదే అసలు భయపడాల్సింది."

చేతిలో పని లేని జనం ఏం చేస్తారు? మూడు వందల తెప్పల మీద మూడు వందల కాళ్లు పైకి లేచాయి. ఒంటికాలి మీద నిలబడలేక ఒకరి భుజం ఒకరు పట్టుకుని పకపకలాడారు. కాసులమ్మ కూడా లేపింది. పక్క తెప్పావిడ గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మో, ఈ ముల్లు ఎప్పుడు దిగిందే!"

కాసులమ్మ మడమ చూసుకుని బిత్తరపోయింది. వేలితో నొక్కింది. మళ్లీ నొక్కింది. తలెత్తి కిటికీకేసి చూసి, నిన్న నోరు విప్పకుండా చేపలు కొన్న మనిషిని గుర్తుపట్టింది.

"నువ్వా అమ్మా? నిన్ననే చెప్పకపోయావా?"

"గొం-గొంతు పట్టేసిందండి."

"పట్టేస్తే నువ్వు చెప్పేదాకా నిలబడేదాన్ని కాదా!" అంది కాసులమ్మ. "ఎవరైనా నా చేపలు చూడండర్రా!" అని తాడుమనిషి చెయ్యి పట్టుకుని నాడిపడవ ఎక్కింది. ఆమె వెనకాల ఇద్దరు. వాళ్ల వెనకాల వీరన్న, బీపీ సంగతి తేల్చుకుంటానంటూ. చూస్తుండగానే వరస చేపల తెప్ప దాటిపోయింది.

సూర్రావు గారు రొప్పుతూ పరిగెత్తుకొచ్చారు. చేతిలో ఫోను.

"కేంద్రం ఆఫీసు నుంచమ్మా! బజారంతా ఆగిపోయిందంట. వాక్యం ఎప్పుడు ముగుస్తాదని అడుగుతున్నారు!"

తెర మీద ప్రశ్న మళ్లీ వచ్చింది. వీరవేణి మళ్లీ "వద్దు" నొక్కి, తాపీగా నీళ్లు తాగింది.

"న-నత్తి కదండీ. ఎ-ఎప్పుడు ముగుస్తుందో నేనెలా చెప్పను?"

సూర్రావు గారు ఆమెకేసి చూశారు. కిటికీలోంచి వరసకేసి చూశారు. పడవలో కాసులమ్మ కాలు నర్సు ఒళ్లో ఉంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు.

"సాయంత్రం అవుద్దండి, ఆయ్."