సీడీ ముక్కల చీర

మా అమ్మ మీద ఒట్టు, ఇది మీరు నమ్మరు. నమ్మకపోతె నాకేం ఫరక్ లేదు. సూరత్‌ల గప్పాలు కొట్టేటోళ్లు శానమంది ఉన్నరు, అందరికంటె పెద్ద నోరు నాదే అంటరు. కాని ఇది గప్ప కాదు.

సూరత్‌లనే భేస్తాన్ వాడల మా దేవదాస్ ఉన్నడు. బట్ట నేసే సాంచాల నడుమ పెరిగి, ఆ టకటకకు చెవులు సగం పోయినయ్. ఆ చప్పుడుల మాట వినరాదు గద, అందుకే పెదవులు చూసి, చేతి సైగలు చూసి సమజ్ చేసుకుంటడు. తను మాట్లాడితే మాత్రం ఒర్రుడే. వాడు భేస్తాన్‌ల తుమ్మితే ఊరికి ఆ కొసన కతర్‌గామ్‌ల సానపట్టే వజ్రాలు కిందవడ్తయ్. నవ్వకుండ్రి, ఏరి ఇచ్చింది నేనే.

వాని పెండ్లం వినోద ఇంట్ల కూసోని చీరలకు అద్దాలు అంటిస్తది. ఒకనాడు పాత తుక్కు, భంగార్ సామాను అమ్మే ముత్యం బస్తా నిండ సీడీలు తెచ్చిండు.

"గుండ్రంగ కోసి అంటియ్యి అక్కా. అద్దం కంటె ఎక్కువ తళతళ అంటయ్."

"కొత్తయే ఉన్నయ్ గదరా. ఎందుకు పారేసిండ్రు?"

ముత్యం గొంతు తగ్గించిండు. "గలీజ్ కంప్యూటర్ గేమ్ అక్కా. ఆడేటోడు కరెంటు తీసేసి ఇండ్లల్ల జొరబడ్తడు. ఆడోళ్లు దాక్కుంటరు. ఎవలు చప్పుడు జేస్తే వాళ్లు దొరికినట్టు. దొరికినంక ఏం జేస్తడో నీ ముంగట చెప్పరాదు. లొల్లి అయితె సరుకు అమ్ముడువోతదని కావాలనే గట్ల తయారు జేసిండ్రట. లొల్లి ఎక్కువై దుకాణపోళ్లు వాపస్ పంపిండ్రు, కంపెనీ దివాళా తీసింది. మిగిలిన గేమ్‌లను ఏలంల ఎవలెవలో కొనుక్కున్నరు. దీన్ని ఎవలూ ముట్టలే. దీనికిప్పుడు మాలిక్ లేడు."

"గేమే గద, కరుస్తదా?" అని దేవదాస్ వాడకట్టంత వినవడేటట్టు నవ్విండు. వాడు కోసిండు, వినోద అంటించింది. చీరలు మస్తు తయారైనయ్.

ఆఖరి చీర గది నడుమ తాడు మీద ఆరుతున్నది. తయారైనయన్నీ సేట్‌కు అప్పజెప్పనీకి వినోద పొద్దున్నే రింగ్ రోడ్ చీరల బజారుకు పోయింది. పగటిపూట ఇంట్ల దేవదాస్, ఆరేండ్ల బిడ్డ హారతి.

"బాపూ, దాగుడుమూతలాడుదాం. నువ్వు కండ్లు మూస్కో."

మూసుకున్నడు. అంతల కరెంటు పోయింది.

గల్లీల సాంచాలన్నీ ఒక్కసారే ఆగినయ్. ఆ చప్పుడుల పుట్టి పెరిగినోనికి చప్పుడు లేకపోవుడంటె ఊపిరి ఆగినట్టే. గదికి కిటికీ లేదు. తలుపు సందుల కెళ్లి సన్నటి ఎలుగు చీర మీద పడుతున్నది. ముక్కలు అంటించిన గోందు వాసన. దాని ఎనుక ఇంకోటి... మూసివెట్టిన గోడౌన్ల అట్టడబ్బాలు నానిన వాసన.

దేవదాస్ చీర దిక్కు చూసిండు. ముక్కలల్ల తన మొఖం కనవడాలె.

కనవడలే.

ఒక ఆడామె. ప్రతి ముక్కల ఆమెనే. మూలకు ముడుసుకొని, ఒక చెయ్యి నోటి మీద. రెండో అరచెయ్యి మెల్లగ కిందికి అదిమింది. సాంచాల కాడ 'మిషన్ ఆపు' అని చేసే సైగ అసుంటిదే. చప్పుడు ఆపు అంటున్నది.

సైగ సమజయింది వానికి. కాని బిడ్డ యాదికొచ్చింది. భయంల నోరు తెరిసిండు.

"హారతీ..."

అయిపోయింది. వాని గొంతు ఎసుంటిదో చెప్పిన గద.

చెవులకు ఏం వినరాలే. పాదాలకు తెలిసింది. బండలు అదురుతున్నయ్. ఒక అడుగు... ఇంకోటి... పక్కింటి గడప కాడ ఆగింది. మల్ల కదిలింది. తన గడప.

తలుపు తెరుసుకుంది. మనిషి లేడు. తడి అట్టల వాసన గది నిండింది. మంచం కింది దుప్పటి లేసి పడ్డది. పిండి డబ్బా మూత పక్కకు జరిగింది. అదురుడు బీరువా దిక్కు నడిచింది. బీరువా తలుపు సందుల బిడ్డ గౌను అంచు...

దేవదాస్ కాళ్లు కదల్లే.

చీర ముక్కలల్ల ఉన్న ఆమె బీరువా దిక్కు చూసింది. తన నోటి మీది చెయ్యి తీసేసింది. అన్ని ముక్కలల్ల ఒక్కసారే నోరు తెరిసి ఒర్రింది. వీనికి వినరాలే. కాని అడుగులు ఆగినయ్. చీర దిక్కు మర్రినయ్. చీర తాడు మీద గుంజుకపోయింది. ముక్కలు ఒక్కొక్కటే నల్లగయినయ్... ఆఖరి దాంట్ల ఇంక ఒర్రుతనే ఉన్నది... అదీ నల్లగయింది.

కరెంటొచ్చింది. సాంచాలు మొదలైనయ్. దేవదాస్ బీరువా తెరిసి బిడ్డను గుండెకు అదుముకున్నడు.

"బాపూ, నేను ఒర్రలే," అన్నది హారతి. "ఒర్రబోతుంటె ఆమె నా నోరు మూసింది."

బిడ్డ మూతి చుట్టు సీడీ ముక్కలు అంటుకొని ఉన్నయ్. ఐదు వేళ్ల అచ్చు, అరచెయ్యి పట్టినట్టు.

ఆ చీర కాలవెట్టిండ్రు. మిగిలినయి అప్పటికే రింగ్ రోడ్ దాటి ఏ ఊరి దుకాణాలకు పోయినయో సేట్‌కే ఎరుక లేదు. దేవదాస్ ఇప్పుడు బిడ్డను పేరు వెట్టి పిలువడు, చెయ్యి ఊపుతడు.

అబద్ధమంటరా? అయితె మీ ఇంట్ల తళతళలాడే గుండ్రటి ముక్కల చీర ఉంటది, తియ్యుండ్రి. కరెంటు పోయినప్పుడు దాని ముంగట నిలవడి, మీ ఇంట్లోళ్లను పేరు వెట్టి గట్టిగ పిలువుండ్రి. ఏం గాకపోతె భేస్తాన్‌కొచ్చి నలుగురి ముంగట నన్ను అబద్ధాలకోరు అనుండ్రి.

ఇంకా ఎవలూ రాలే.