అవ్వకు అమ్మిన వారంటీ

"మేడం, ఒక్కటి అడుగుత. ఏం అనుకోవద్దు."

జనగామ బస్టాండుకు దగ్గర్లో ఉన్న మొబైల్ షోరూంలో, చెవిలో పెట్టుకునే బడ్స్ డబ్బా చేత్తో పట్టుకుని ఆ అబ్బాయి అన్నాడు. బయట వాన దంచి కొడుతోంది. కొనే పని లేనివాళ్లు కూడా లోపలికి వచ్చి, టీవీల ముందు నిలబడి బట్టలు ఆరబెట్టుకుంటున్నారు.

"అడుగుండ్రి సార్," అంది స్వరూప, ట్రైనింగులో నేర్పిన నవ్వు నవ్వుతూ.

"ఇందాక ఏమన్నరు? ఇది మస్తు గట్టిది, ఎన్నేండ్లయినా ఏం కాదన్నరు. సరే, కొంట అన్న. కొంట అనంగనే, ఇది ఎప్పుడు ఖరాబైతదో ఎవలకు తెలుసు, ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండ్రి అంటున్నరు. గీ రెండిట్ల ఏది నిజం?"

టీవీల ముందున్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. స్వరూపకు చెవులు వేడెక్కాయి. ఈ ప్రశ్నకు జవాబు ట్రైనింగులో చెప్పలేదు మరి.

"రెండూ నిజమే సార్."

"అట్లెట్ల?"

"వస్తువు గట్టిదే. తీసుకపోయేటోళ్లను చూస్తెనే భయమైతది."

అతను పగలబడి నవ్వి, వారంటీ లేకుండానే బడ్స్ తీసుకుని, తడుచుకుంటూ వెళ్లిపోయాడు. బిల్లు మీద పేరు వీరేందర్, ఊరు బచ్చన్నపేట. ఊళ్లో కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టి వైండింగ్ చేస్తాడట.

మంచి మాట అన్నానని స్వరూప లోలోపల మురిసిపోయింది గానీ, వారంటీ మాత్రం పోయింది. అది మామూలు సంగతి కాదు. ఆ షోరూంలో ఎన్ని ఫోన్లు అమ్మారని ఎవరూ అడగరు. ఫోనుతో పాటు ఎన్ని వారంటీలు అంటగట్టారన్నదే లెక్క. తక్కువైతే మేనేజర్ శ్యాం పొద్దున్నే అందరినీ వరుసగా నిలబెట్టి పేరు చదువుతాడు. మళ్లీ తక్కువైతే ఎక్కడో దూరాన ఉన్న భూపాలపల్లి బ్రాంచికి పంపిస్తాడు. మహబూబాబాద్ నుంచి వచ్చి పనిచేసిన యమున అలాగే వెళ్లి, అక్కడ ఉండలేక ఉద్యోగమే వదిలేసింది. చిల్పూరు నుంచి రోజూ వచ్చిపోయే స్వరూపకు భూపాలపల్లి పేరు వింటేనే భయం.

వీరేందర్ మళ్లీ వచ్చాడు. చార్జర్ కేబుల్ కావాలన్నాడు. తర్వాత ఫోను కవరు. తర్వాత ఇంకో కేబుల్.

"మొన్ననే కదా తీసుకపోయింది?"

"ఎలుక కొరికింది మేడం."

"మీ ఇంట్ల ఎలుకలు అన్నం తినయా?"

"తింటయ్. కని ఈ షోరూంల కేబుళ్లంటె వాటికి ఎందుకో మనసు."

అతను గుమ్మం దాటగానే స్వరూప కూడా నవ్వేది. పక్క కౌంటర్ల వాళ్లకు అప్పటికే అర్థమైంది. అర్థం కానట్టు నటిస్తున్నది వీళ్లిద్దరే.

దసరా ముందు అతను కొత్త ఫోను కొనడానికి వచ్చాడు. ఫోను ఎంచుకున్నాక కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"ఇగ చెప్పుండ్రి మీ వారంటీ పాట."

స్వరూప ఒకసారి మేనేజర్ గది వైపు చూసింది. తర్వాత తల వంచి, గొంతు తగ్గించింది.

"వద్దు. దండుగ."

"ఏంది?"

"మెల్లగ. మొదటి యేడు ఎట్లయినా కంపెనీయే చూస్తది. మాది రెండో యేడుకు. గది గూడ లోపల దానంతట అది ఖరాబైతెనే. కింద పడి పగిలితె రాదు, నీళ్ళల్ల పడితె రాదు, బ్యాటరీ దిగితె రాదు. ఫోన్లు పాడయ్యేదే గిట్ల. ఆ పైసలు ఇంట్ల పెట్టుకుంటె రేపు రిపేరుకు అక్కరకొస్తయ్."

"మరి అందరికి ఎందుకు అమ్ముతున్నరు?"

"నౌకరి."

"మరి నాకెందుకు చెప్తున్నవ్?"

అప్పటిదాకా మీరు, మేడం అన్నవాడు నువ్వు అన్నాడు. అది ఇద్దరికీ వినపడింది. స్వరూప ఫోను డబ్బాను సంచిలో పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. బిల్లు సంచిలోనే ఉందని వీరేందర్ చెప్పేదాకా బిల్లు కోసం వెతికింది.

ఆ రోజు వీరేందర్ ఇంటికి వెళ్లి, తాను అవ్వ అని పిలిచే తల్లి గట్టమ్మతో సంగతి చెప్పేశాడు. ఆ పిల్ల నోట అబద్ధం రాదన్నాడు. ప్రేమలో పడ్డవాడి మాట కాస్త తగ్గించి వినాలని గట్టమ్మకు తెలుసు. కొడుకు మాట కాదనలేదు, అవుననలేదు.

పెద్దమనుషులతో కలిసి పిల్ల ఇంటికి వెళ్లకముందే, పిల్లకు తెలియకుండా ఒకసారి చూసి రావడం అక్కడి ఆడవాళ్ల అలవాటు. సంతలోనో, ఎవరి పెళ్లిలోనో పక్కన నిలబడి, ఎవరో అన్నట్టు మాట కలుపుతారు. నడక, చూపు, నోరు, అన్నీ ఆ కాసేపట్లో తూచేస్తారు. చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని కూర్చున్న పిల్లలో ఏం తెలుస్తుందని వాళ్ల వాదన. గట్టమ్మ కూడా ఒక మధ్యాహ్నం జనగామ బస్సెక్కింది.

ఆ రోజు నెలాఖరు. స్వరూపకు ఒక్క వారంటీ తక్కువ పడింది. పొద్దున శ్యాం ఆమె పేరు చదివాడు, భూపాలపల్లి పేరు కూడా చదివాడు. ఇప్పుడు అన్నానికి వెళ్లాడు.

"బిడ్డా, ఒక చిన్న టచ్ ఫోను చూపియ్యి. నా మనుమరాలు వీడియోల కనవడ్తదట."

స్వరూప ఓపిగ్గా చూపించింది. ముసలామె వేలు పట్టుకుని ఎలా నొక్కాలో నేర్పింది. అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చింది. ఇదంతా మనస్ఫూర్తిగానే చేసింది, ఆ మాట చెప్పాలి.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"చిల్పూరవ్వా. బుగులు ఎంకటేశ్వర సామి గుట్ట లేదా, గక్కడ."

"నాయిన ఏం చేస్తడు?"

"ఎవుసం."

"పెండ్లయిందా?"

"ఇంక లేదవ్వా," అంది స్వరూప, ముసలివాళ్లు అడిగే ప్రశ్నలేగా అనుకుని. తర్వాత, "అవ్వా, దీనికి వారంటీ తీసుకో. రెండేండ్లు ఏమైనా మేమే చూసుకుంటం," అంది.

"ఏమైనా అంటె? నా చేతులు వణుకుతయ్ బిడ్డా. బర్రెకు కుడితి పోసేటప్పుడు గోలెంల పడుతదేమో. నీళ్ళల్ల పడ్డా ఇస్తరా?"

స్వరూప గోడ గడియారం వైపు చూసింది. శ్యాం వచ్చే వేళయింది.

"నీళ్ళల్ల పడ్డా వస్తదవ్వా. నువ్వు ఫికర్ పెట్టుకోకు."

గట్టమ్మ మనుమరాలి పేరు మీద బిల్లు రాయించుకుని, ఫోనుకూ వారంటీకీ డబ్బు కట్టి, ఆమె తల నిమిరి, "సల్లగుండు బిడ్డా," అని వెళ్లిపోయింది. స్వరూప టిఫిన్ డబ్బా విప్పుకుని హాయిగా అన్నం తింది.

మరుసటి వారం వీరేందర్ ముఖం వెలిగిపోతూ వచ్చాడు.

"మా అవ్వ నిన్ను చూసిపోయింది. నచ్చినవట."

"ఎప్పుడు? ఎక్కడ?"

"చెప్పద్దన్నది. సిగ్గువడ్తదట పిల్ల. నీ ముందటికే వచ్చింది, నువ్వే గుర్తుపట్టు."

ఇక చూడాలి స్వరూప తిప్పలు. బస్సులో పక్కన కూర్చున్న ప్రతి ముసలామెకూ లేచి చోటిచ్చింది. గుట్ట మెట్ల మీద ఒకామె సంచి మోసి పెట్టింది. ఆమె కాదని తెలిశాక వీరేందర్‌కు ఫోన్ చేసి తిట్టింది. పత్తి ఏరడం అయ్యాక పెద్దమనుషులు చిల్పూరు రావాలని మాట అనుకున్నారు. స్వరూప తల్లి అప్పుడే ఇంటికి సున్నం వేయించే ఆలోచనలో పడింది.

అంతలో ఒకరోజు వీరేందర్ నవ్వుకుంటూ వచ్చి, కౌంటరు మీద ఒక ఫోను పెట్టాడు.

"ఇగ దాచి లాభం లేదు. మా అవ్వ నీ కాడ్నే కొన్నది. మొన్న కుడితి గోలెంల పడేసింది. నీళ్ళల్ల పడ్డా వస్తదని నువ్వే చెప్పినవట, పోయి మార్పియ్యమని ఒకటే పోరు. ఆ పిల్ల అట్ల చెప్పదే, నువ్వే ఏదో అనుకున్నవ్ అంటె వినదు. జర నువ్వే ఫోన్ల చెప్పు."

స్వరూప ఫోను వైపు చూసింది. ఎలా నొక్కాలో నేర్పుతూ తాను పట్టుకున్న ఆ ముసలామె వేలు గుర్తొచ్చింది. తల వంచి ఫోను అంచు తుడవసాగింది.

వీరేందర్ నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"చెప్పినవా?"

"చెప్పిన."

అతను మేనేజర్ గది వైపు చూశాడు. "పక్కన మేనేజర్ ఉన్నడు గదా? వాడే చెప్పిచ్చిండు గదా? గదే చెప్పు అవ్వకు. నేను గూడ అంట. అయిపోతది."

అవ్వకు ఫోను అమ్మిన రోజు శ్యాం పక్కన లేడు. వీరేందర్ అందించిన సాకు ఎంత సులువుగా ఉందంటే, ఆ రాత్రంతా స్వరూప దాన్నే పట్టుకుని పడుకుంది. ఒక్క మాట అంటే చాలు, ఆ ఇల్లు ఆమెదవుతుంది. కానీ అలాంటి ఒక్క మాటే కదా ఇంతదాకా తెచ్చింది.

సెలవు రోజున బచ్చన్నపేట వెళ్లింది. గట్టమ్మ వాకిట్లో పత్తి ఆరబోస్తోంది. పక్కన షెడ్డులో వీరేందర్ పనిచేస్తున్నాడు. స్వరూపను చూసి చేతిలోని రాగి తీగ పక్కన పెట్టి లేచాడు.

"రా బిడ్డా," అంది గట్టమ్మ, పీట వేస్తూ.

"అవ్వా, నీకు అబద్ధం చెప్పిన. నీళ్ళల్ల పడితె రాదని నాకు ఎరుకే. మేనేజర్ లేడు, ఎవలూ చెప్పిచ్చలే. నెలకు ఒకటి తక్కువ పడ్డది, నువ్వు కనవడ్డవ్. తప్పైంది. ఆ ఫోను నేను బాగు చేపిస్త."

వీరేందర్ తల పట్టుకున్నాడు. గట్టమ్మ పత్తిలోంచి ఎండుటాకులు ఏరుతూనే ఉంది.

"ఫోనుదేముంది బిడ్డా. నేను వీని అవ్వనని తెలిస్తె అమ్ముదువా?"

"అమ్మకపోదునవ్వా."

"గదే నాకు పరేషాన్." ఆమె గొంతులో కోపం లేదు. "నా కోడలివైతె నాకు నిజమే చెప్తవ్. గది నేను నమ్ముత. కని మా వాకిట్లకు దినాం ఎవలెవలో వస్తరు. పంట ఎండుతాంటె, కాలిన మోటరు ఎడ్ల బండ్ల ఏసుకొని ఏడ్సుకుంట వస్తరు. వాళ్లకు కాయితం లేదు, వారంటీ లేదు. నా కొడుకు నోటితోని చెప్తడు, వాళ్లు నమ్మి పోతరు. వీడు ఇంట్ల లేనినాడు నువ్వు చెప్పాలె. వాళ్లు నీకు ఏం కారు. వాళ్లకు ఏం చెప్తవ్?"

ఇకముందు అలా చేయనని స్వరూప చెప్పొచ్చు. కౌంటరు వెనక నిలబడి రోజూ చెప్పే మాటల్లాగే అనిపించి, ఆ మాట అనలేదు.

"తిని పో," అంది గట్టమ్మ లేచి.

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఎండన పడి వచ్చావంటూ ఇంకో రొట్టె వేసింది. పెట్టే చెయ్యి చల్లనిది, వంట కమ్మనిది. ఇలాంటి అత్త ఎవరికి దొరుకుతుందని స్వరూప అనుకుంది. ఈ ఇంట్లో తాను తినేది ఈ ఒక్క పూటే అని కూడా అనుకుంది.

బస్టాపు దాకా వీరేందర్ వచ్చాడు.

"మేనేజర్ మీదికి తోసేస్తె అయిపోతుండె గదా స్వరూపా."

"నీకు గూడ తెలిసిన అబద్ధంతోని ఇంట్లకు రమ్మంటవా?"

"అవ్వను నేను ఒప్పిస్త."

"ఒప్పియ్యకు. ఆమె నన్ను తిట్టలే. తిడితె కోపం తగ్గినంక ఒప్పించొచ్చు. ఆమె ఆలోచించి చెప్పింది."

బస్సు వచ్చి ఆగింది. వీరేందర్ అప్పుడు చెప్పాడు, ఎన్నో కేబుళ్లు కొన్నా చెప్పలేకపోయిన మాట. "నువ్వంటె నాకు పాణం."

ఆ మాట అన్నప్పుడు ఎలా ఆటపట్టించాలో స్వరూప ఎన్నోసార్లు అనుకుని పెట్టుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకు గూడ," అని బస్సెక్కింది.

తర్వాత ఆమె జనగామలో వారంటీలు అమ్మలేకపోయింది. అడిగినవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. శ్యాం ఆమె పేరు చదివాడు, మళ్లీ చదివాడు. చివరికి భూపాలపల్లి పంపిస్తే, ఆమె వద్దనకుండా బట్టలు సర్దుకుంది. వీరేందర్ మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు. పెద్దమనుషులు చిల్పూరు రాలేదు. పత్తి ఏరడం అయిపోయింది.

భూపాలపల్లి కౌంటర్లో మొదటి రోజు, బొగ్గు గనిలో డ్యూటీ దిగి వచ్చిన ఒకాయన కూతురికి చదువుకోవడానికి ట్యాబ్ కొన్నాడు. వారంటీ కాగితం చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గిది తీసుకోవాల్నా బిడ్డా?"

"వద్దన్నా. పడితె రాదు, తడిస్తె రాదు. మంచి కవరు ఏపిచ్చు, చాలు."

"సరే," అని ఆయన కాగితం తిరిగిచ్చి, ట్యాబ్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన పేరు ఆమె అడగలేదు. అంతే, అంతకంటే ఏమీ జరగలేదు.

ఇంత చిన్న మాట. చెప్పడానికి ఎంతసేపు పట్టిందని. స్వరూప కౌంటరు కిందికి వంగి, ఏదో వెతుకుతున్నట్టు డబ్బాలు కదుపుతూ, చాలాసేపు ఏడ్చింది.