నాలుగు టైర్లూ బాగానే ఉన్నాయి

“ఎన్నాళ్ళ నుంచి వెలుగుతోంది ఈ లైటు?”

“నాలుగు రోజుల్నించండీ.”

“జ్వరమొచ్చినా నాలుగు రోజులు ఇలాగే తిరుగుతారా?”

మొక్కల నర్సరీ అబ్బాయి తన పికప్ బండిలో, స్టీరింగు ముందు వెలుగుతున్న టైరు గాలి లైటు వైపు చూశాడు. టైర్ల షాపులో మేస్త్రి ఉంటాడనుకుని వచ్చాడు పాపం. మేస్త్రి ఉన్నాడు, కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. పని చేసేది మాత్రం ఆయన కూతురు. అందరూ చిన్న మేస్త్రి అంటారట.

ఆ పిల్ల పికప్ చుట్టూ తిరిగి, వెనక ఎడమ టైరులో గాలి తగ్గిందని తేల్చింది. మేకు మాత్రం ఎక్కడా కనిపించలేదు. అప్పుడు చెయ్యి తడుపుకుని, టైరుకి ఆనీ ఆననట్టు పోనిస్తూ కళ్ళు మూసుకుంది. వీధిలో బస్సుల హారన్లు, పక్కన వెల్డింగ్ షాపు మోత. ఆమెకి అవేవీ పట్టలేదు. చెయ్యి ఒకచోట ఆగింది.

“ఇక్కడ చల్లగా తగులుతోంది.”

సబ్బునీళ్ళు పోస్తే సరిగ్గా అక్కడే ఆవగింజంత బుడగ! పట్టకారుతో లాగితే వెంట్రుక కన్నా కాస్త లావుగా ఉన్న తీగముక్క. మనవాడు నోరెళ్ళబెట్టాడు. అమ్మబాబోయ్, ఈ చేతులకి దండం పెట్టాలి అనుకున్నాడు.

“లైటు ఇంకా ఆరలేదండీ.”

“కాస్త దూరం నడిపితే అదే ఆరుతుంది. ముందు ఆ నోరు మూసుకోండి, దుమ్ము పోతుంది.”

లైటు ఆరలేదు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. నాలుగు టైర్లలోనూ గాలి కొలిచింది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ మర్నాడూ వచ్చాడు. కొలిచింది, సరిగ్గా ఉన్నాయి. లైటు మాత్రం మొండిఘటంలా వెలుగుతూనే ఉంది. ఆమె గేజీని ఒకటికి రెండుసార్లు చూసుకుంది. తర్వాత అతన్ని చూసింది.

“నాలుగు టైర్లూ బాగానే ఉన్నాయి. మీరే ఏదో వైరు పీకారు.”

“నేనెందుకు పీకుతానండీ?”

“రోజూ ఇక్కడికి రావడానికి.”

పక్కన నిలబడ్డ డ్రైవర్లు కిసుక్కున నవ్వారు. అతనికి తల కొట్టేసినట్టయింది. “లైటు వెలిగింది కాబట్టి వచ్చాను. మీ కోసం రావడానికి నాకేం పనీపాటా లేదనుకున్నారా?”

ఆమె ముఖం చిన్నబోయింది. “అబద్ధాలకోరు!” అని పానా విసిరేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట ఇంకెవరైనా అంటే పడేవాడే. కానీ అన్నది ఆ చేతుల మనిషి. చచ్చినా ఆ గుమ్మం తొక్కకూడదనుకున్నాడు. ఇంటికెళ్ళి అన్నం దగ్గర కూర్చున్నా అదే ఆలోచన. ఆమె తనని నమ్మకుండా ఉండిపోతుందంటే అదోలా ఉంది లోపల.

మర్నాడు పొద్దున్నే వాన మొదలైంది. నర్సరీలో అతను గులాబీ మొక్కలు బండికెక్కిస్తుంటే స్కూటరు వచ్చి ఆగింది. చిన్న మేస్త్రి దిగింది. వెనక గొడుగు పట్టుకుని వాళ్ళ నాన్న. అతని అమ్మ షెడ్డులోంచి తొంగి చూసింది.

ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. టార్చి నోట కరుచుకుని, బురదలో వెల్లకిలా పడుకుని, బండి కిందికి దూరింది. రెండు బూట్లు మాత్రమే బయట. అతను చేతిలో కుండీతో అలాగే నిలబడిపోయాడు. కింద గొలుసు కిర్రుమంది. అడుగున వేలాడదీసిన అదనపు టైరు, స్టెప్నీ, ధబ్బున నేలకి దిగింది.

ఆమె పాక్కుంటూ బయటికొచ్చి దానికి గేజీ పెట్టింది. ముల్లు సగం కూడా లేవలేదు.

“ఈ మోడలుకి స్టెప్నీలో కూడా గాలి కొలిచే సెన్సరుంటుందని నిన్న సాయంత్రం బండి పుస్తకం తీసి చదివాను. ముందే చదవాల్సింది.” గొంతు తగ్గింది. “తప్పు నాది. మీరు అబద్ధం చెప్పలేదు.”

“పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని!” అన్నాడు వాళ్ళ నాన్న. తర్వాత అతని అమ్మ వైపు తిరిగి, కళ్ళింతలు చేసుకుని, “చూశావా చెల్లెమ్మా, మా అమ్మాయి తప్పు ఒప్పుకుంది! పుట్టాక ఇదే మొదటిసారి!” అన్నాడు.

నర్సరీ అబ్బాయి ఆమెనే చూస్తున్నాడు. జుట్టు నిండా బురద, చెంపమీద గ్రీజు, కనురెప్పలమీద వాన. తన మాట నిజమో కాదో తేల్చడానికి ఒక మనిషి ఇంత బురదలో పడుకుంటుందా? ఏ మొక్క పూసినా అతనికి ఇంత ఆశ్చర్యం కలగలేదు.

“నేనూ ఒక అబద్ధం చెప్పానండీ,” అన్నాడు.

ఆమె ఉలిక్కిపడింది. “వైరు పీకారా?”

“లేదు లేదు! ఆ లైటు చూసి ఎవరైనా తిట్టుకుంటారు కదా. నేను మాత్రం స్నానం చేసి, చొక్కా మార్చుకుని వచ్చేవాణ్ణి. మీ కోసం కాదన్నానే, అదే ఆ అబద్ధం.”

“అదా సంగతి! నీలం చొక్కాకి రెండ్రోజులూ ఇస్త్రీ చేయించాడమ్మా నాతో,” అంది అమ్మ.

ఆమె నవ్వలేదు. స్టెప్నీ వైపు చూస్తూ మెల్లగా అంది. “నిన్న ఎందుకంత తిట్టానో తెలుసా? నాకోసమే వస్తున్నారనుకుని రెండ్రోజులుగా తెగ మురిసిపోయాను. కాదనేసరికి ఒళ్ళు మండింది.”

కుండీ అతని చేతిలోంచి జారింది. ఆమె నేలకి తగలకుండా పట్టేసింది.

పెద్ద మేస్త్రి గొడుగు తీసుకెళ్ళి అతని అమ్మ మీద పట్టాడు. “రా చెల్లెమ్మా, లోపల కూర్చుని మాట్లాడుకుందాం. వీళ్ళకి వాన పడుతున్నట్టే తెలీదు.”

ఆమె కుండీని అతని చేతుల్లో పెట్టి, వేళ్ళు వెంటనే వెనక్కి తీసుకోలేదు.

“రేపు లైటు వెలగదు,” అంది. “అయినా రా.”