మీరిమ్‌కు ఎవరూ చెప్పని మాట

ఆ రోజు బూరుల్‌కాన్ అందరికంటే ముందే లేచి పిండి కలిపింది. ఆలై కొండల్లోని పల్లె నుంచి వియ్యపురాలు, అల్లుడు వస్తున్నారు. వాళ్ల ముందు ఏ లోటూ కనిపించకూడదు. కోడలు సైకల్ తలకు గుడ్డ కట్టుకుని పొయ్యి ముందు నిలబడి పిండి ముక్కలు నూనెలో వేయిస్తోంది. అవి బూరెల్లా పొంగుతున్నాయి.

"నూనె కాగిందో లేదో చూసుకోవా? అక్కడ ఆసుపత్రిలో ఆడవాళ్ల కడుపులు కోసేటప్పుడు కూడా ఇదే తొందరా?" అంది బూరుల్‌కాన్.

సైకల్ మంట తగ్గించింది. ఆసుపత్రికి టైమవుతోంది. ఓష్ నగరంలోని కాన్పుల ఆసుపత్రిలో ఆమెకది రెసిడెన్సీ శిక్షణలో రెండో ఏడు. భర్త ఉలాన్ బిష్కెక్ దారిలో టాక్సీ నడుపుతాడు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఉన్నప్పుడు కూడా తల్లికీ భార్యకీ మధ్యలోకి రాడు.

"ఎప్పటికి వస్తావు?"

"పెద్ద డాక్టరుగారిని అడిగి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను అపా." అత్తగారిని ఆమె అలాగే పిలుస్తుంది, అమ్మా అన్నట్టు.

"అడగడం కాదు, రావాలి. వాళ్లు వచ్చేది నన్ను చూడ్డానికి కాదు, డాక్టరు కోడలి నోటి మాట వినడానికి. ఏం చెప్పాలో గుర్తుందిగా?" బూరుల్‌కాన్ చేతి పిండి దులుపుకుని దగ్గరకు వచ్చింది. "మీరిమ్ నీరసంగా ఉంది, రెండేళ్లు ఆగితే అంతా సర్దుకుంటుందని చెప్పు. అంతే. ఆ తర్వాత దేవుడి దయ."

"అపా, గర్భసంచే లేదు. దేవుడు మాత్రం ఏం చేస్తాడు?"

"నెమ్మది!" బూరుల్‌కాన్ వెనక గది వైపు భయంగా చూసింది. "నా కూతురు మెట్టినింటికి వెళ్లాలి. అక్కడ మొగుడితో నాలుగు రోజులు కలిసి బతికితే వాడికి మనసు కుదురుతుంది. అప్పుడు తెలిసినా వదిలేయడు. ఈ ఒక్క మేలు చెయ్యి. ఆ రోజు ఎలాగూ చెయ్యలేకపోయావు."

ఆ చివరి మాట అనకుండా బూరుల్‌కాన్‌కు ఈ మధ్య ఏ సంభాషణా ముగియడం లేదు. సైకల్ పొయ్యి ఆపేసి, తలగుడ్డ విప్పి కోటు తొడుక్కుంది.

ఆ రోజంటే చలికాలంలో వచ్చిన ఆ రోజు. ఆడపడుచు మీరిమ్ తొలి కాన్పుకు ఇక్కడికి రావడానికి కారణం సైకలే. "మా జెంగే అక్కడుండగా నాకేం భయం!" అని వదిన గురించి అత్తగారింట్లో గొప్పగా చెప్పి మరీ వచ్చింది. పొద్దున నొప్పి మొదలైతే, తొలి కాన్పు నొప్పులు అలాగే ఉంటాయి ఓర్చుకొమ్మని తల్లి నడుముకు వేడి గుడ్డ కట్టింది. మీరిమ్ మళ్లీ మళ్లీ వదినకు ఫోన్ చేసింది. ఆ ఫోన్ ఆపరేషన్ థియేటర్ బయట అల్మరాలో మోగుతూ ఉంది. లోపల సైకల్ ఎవరో పరాయి ఆడమనిషి కడుపు అంచులు వెనక్కి లాగి పట్టుకుని, పెద్ద డాక్టరు కుట్లు వేస్తుంటే చూసి నేర్చుకుంటోంది.

సాయంత్రమవుతుండగా మీరిమ్‌ను తీసుకొచ్చేసరికి కడుపు చెక్కలా బిగుసుకుపోయి ఉంది. సైకల్ చెయ్యి వేయగానే తెలిసిపోయింది. బిడ్డ పుట్టకముందే మాయ విడిపోయింది. బిడ్డ గుండె చప్పుడు ఎంత వెతికినా దొరకలేదు. కోసి తీశాక గర్భసంచి ముడుచుకోలేదు. రక్తం ఆగలేదు. ఏ మందూ పని చెయ్యలేదు. పెద్ద డాక్టరు షరీపా ఎర్గేషొవ్నా వరండాలోకి వచ్చి, గర్భసంచి తీయకపోతే మనిషి దక్కదని చెప్పింది. "నా పిల్లను బతికించండి, ఇంకేమీ అడగను," అని బూరుల్‌కాన్ గోడకు జారగిలబడిపోయింది. ఆ ఆపరేషన్ మొదటి నుంచి చివరి దాకా సైకల్ చేతులు అక్కడే ఉన్నాయి.

తర్వాత బూరుల్‌కాన్ ఆ చేతులే పట్టుకుంది. దానికి చెప్పకే, బిడ్డ పోయిన బాధే మోయలేకుండా ఉంది, కాస్త తేరుకున్నాక చెబుదామంది. సైకల్ సరేనంది. రేపు చెబుదాం, కుట్లు మానాక చెబుదాం అనుకుంటుండగానే మంచు కరిగిపోయింది, నేరేడు రంగు కొండల కింద ఆప్రికాట్ చెట్లు పూతకొచ్చాయి.

*

వార్డులో ఆ ఉదయం ఒకామెకు కడుపులో బిడ్డ ఎదగడం లేదని చెప్పాల్సి వచ్చింది. షరీపా ఎర్గేషొవ్నా మంచం కాళ్ల దగ్గర ఆగి, నువ్వు చెప్పు అన్నట్టు సైకల్‌కు తల ఊపింది. సైకల్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుని, ముఖంలోకి చూస్తూ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమె ఏడుస్తుంటే తొందరపడి లేవలేదు.

వరండాలో షరీపా ఎర్గేషొవ్నా ఆగింది. "మొదటి ఏడు గోడకు చెప్పేదానివి. ఇవాళ మనిషికి చెప్పావు. బాగుంది." సైకల్‌కు ఆమె నోట మెప్పు వినడం అదే మొదటిసారి. సంతోషపడేలోపే ప్రశ్న వచ్చింది. "మీ ఆడపడుచుకు చెప్పావా?"

"లేదండి."

"ఎందుకు చెప్పలేదు?"

"మా అత్తగారు వద్దన్నారు."

"మీ అత్తగారు వైద్యం చదివిందా?"

"లేదు. కానీ ఆవిడ ఆ ఇంట్లో..." సైకల్ మాట మింగేసింది. "నాకు కూడా ధైర్యం చాలలేదు."

"ఇది నిజం," అంది షరీపా ఎర్గేషొవ్నా. "చూడమ్మాయ్, కుట్టు వేయడం నీ చెయ్యి పట్టుకుని నేర్పగలను. నీ నోరు పట్టుకుని మాట్లాడించలేను కదా. ఆ రోజే నేను చెప్పాల్సింది. మీ ఇంటి పిల్ల కదా, నువ్వైతే మెత్తగా చెబుతావనుకున్నాను. వెళ్లు. ఇవాళే చెప్పు."

దారి పొడవునా సైకల్ మాటలు పేర్చుకుంది. వాళ్లు వచ్చేలోపు వెనక గదిలోకి వెళ్లి, తలుపు వేసి, మీరిమ్ పక్కన కూర్చుని చెప్పాలి. కానీ వీధి మలుపు తిరిగేసరికి దుమ్ము కొట్టుకుపోయిన కారు గేటు ముందు ఆగి ఉంది. వాళ్లు ముందే వచ్చేశారు.

*

నేల మీద పరిచిన గుడ్డ నిండా రొట్టెలు, పలావు, జామ్, ఎండు పండ్లు. వియ్యపురాలు సోనున్ పెద్దలకు వదిలే పై చోట కూర్చుంది. ఆమె పక్కన అల్లుడు తిలెక్ తల వంచుకుని టోపీ అంచు నలుపుతున్నాడు. మీరిమ్ వెనక గదిలో బట్టలు మార్చుకుంటోంది. సైకల్ అందరికీ నమస్కరించి, కోడళ్లు కూర్చునే చోట, గుమ్మం దగ్గర కూర్చుని టీ పోయసాగింది.

"వచ్చేసింది మా డాక్టరమ్మ," అని బూరుల్‌కాన్ లేని నవ్వు తెచ్చుకుని వియ్యపురాలి వైపు తిరిగింది. "తినండి కుదాగీ, ఏమీ ముట్టుకోలేదు."

"తింటాను. ముందు ఒక మాట తేలనీ." సోనున్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పిల్లను తీసుకెళ్దామనే వచ్చాం. కానీ ఊళ్లో తలా ఒక మాట అంటున్నారు. అంతా తీసేశారటగా అని ఒకావిడ నా మొహం మీదే అడిగింది. నాకు వీడొక్కడే. వీడి నాన్న పోయేటప్పుడు, ఇంట్లో పొయ్యి ఆరనివ్వకు అని నాతో అన్నాడు. అమ్మా సైకల్, నువ్వు లోపలే ఉన్నావటగా. నా కోడలు మళ్లీ కంటుందా?"

బూరుల్‌కాన్ అందుకుంది. "చెప్పవే, నాకు చెప్పినట్టే చెప్పు. రెండేళ్లు ఆగితే..."

"కుదాగీ, మీరాగండి. పిల్లను చెప్పనివ్వండి." సోనున్ ఒక రొట్టె తీసి సైకల్ ముందు పెట్టింది. "దీని మీద చెయ్యి వేసి చెప్పు తల్లీ. నువ్వేం చెబితే అదే నమ్ముతాను."

సైకల్ రొట్టె మీద చెయ్యి వేయలేదు. టీ కెటిల్ పక్కన పెట్టింది.

"అది మీకంటే ముందు మీరిమ్‌కు చెప్పాల్సిన మాటమ్మా. నేనింకా తనకు చెప్పలేదు."

ఇక చెప్పడానికి మిగిలిందేమిటో అందరికీ అర్థమైపోయింది. అప్పుడే వెనక గది తలుపు తెరుచుకుంది. మీరిమ్ పెళ్లినాటి నీలం గౌను వేసుకుని ఉంది. అది ఒంటి మీద వదులుగా వేలాడుతోంది.

"చెప్పు జెంగే. ఇక్కడే ఉన్నాను."

సైకల్ లేచి ఆమె ఎదురుగా నిలబడింది. దారిలో పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "రక్తం ఆగలేదు మీరిమ్. నువ్వు పోతున్నావు. నీ గర్భసంచి తీసేశాం. నువ్విక కనలేవు. ఇన్నాళ్లూ నీకు చెప్పకపోవడం నా తప్పు."

"నాకు తెలుసు," అంది మీరిమ్. "నా ఒళ్లు నాకు తెలియదా? నెలలు గడుస్తున్నా రావాల్సింది రాలేదు. నువ్వు రోజూ సూప్ తెస్తావు, కుట్లు చూస్తావు, నా మొహం మాత్రం చూడవు. మీలో ఎవరు ముందు చెబుతారా అని ఎదురు చూశాను. పరాయివాళ్లొచ్చి అడిగితే గానీ చెప్పలేదు కదా, జెంగే."

తర్వాత ఆమె తిలెక్ వైపు చూసింది. అతని కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. ఏదో అనబోయాడు. సోనున్ తలగుడ్డ కొంగుతో ముఖం తుడుచుకుని మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"నేను రాక్షసిని కాను మీరిమ్. నీ మీద నాకు కోపం లేదు. కానీ నా వల్ల కాదు తల్లీ. లే తిలెక్."

తిలెక్ కదల్లేదు. మీరిమ్ చూస్తూనే ఉంది. తల్లి రెండోసారి పిలవలేదు, గుమ్మం దగ్గరకు వెళ్లి నిలబడింది, అంతే. అతను లేచాడు. మీరిమ్ పక్క నుంచి నడిచి వెళ్లి వంగి బూట్లు వేసుకున్నాడు. తాళ్లు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తుంచని రొట్టె గుడ్డ మీద అలాగే ఉండిపోయింది.

*

కారు చప్పుడు వీధి దాటగానే బూరుల్‌కాన్ కోడలి మీద విరుచుకుపడింది.

"చల్లారిందా నీ కడుపు? నా కూతురి కాపురం నీ చేతులతో తగలబెట్టావు! ఒక్క అబద్ధం! ఒక్కటి ఆడితే నీ చదువు పోయేదా? ఆ రోజు ఇది ఫోన్ చేసి చేసి గొంతెండిపోయింది. నువ్వు ఊళ్లోవాళ్లకు పురుళ్లు పోస్తున్నావు! సొంత ఇంటి బిడ్డను మట్టిలో పెట్టావు!"

ఎప్పుడూ తల వంచుకుని ఊరుకునే సైకల్ ఈసారి తలెత్తింది. "అవునపా, ఫోన్ తీయలేదు. ఆ ఫోన్ మోత నాకు నిద్రలో కూడా వినిపిస్తుంది. కానీ ఆసుపత్రి రెండు వీధుల అవతలే ఉంది. నేను ఎత్తకపోతేనేం, మీరు తీసుకురావచ్చుగా! అక్కడ నేనొక్కదాన్నే డాక్టర్నా?"

అన్న మరుక్షణమే నాలుక కొరుక్కుంది. ఇన్నాళ్లూ పళ్ల బిగువున ఆపుకున్న మాట అది.

బూరుల్‌కాన్ కూర్చున్న చోటే కుంగిపోయింది. ఎవరో వేరే మనిషి గొంతుతో అడిగింది. "పొద్దున్నే తీసుకొచ్చి ఉంటే... బిడ్డ దక్కేవాడా?"

సైకల్ మోకాళ్ల మీద కూర్చుంది. వార్డులోలాగే అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఇవాళ ఒకసారి నిజం చెప్పి ఒక కాపురం కూలడం చూసింది. ఇంకోసారి చెప్పాలంటే భయమేసింది. కానీ ఆవిడ కళ్లు వదిలిపెట్టలేదు.

"దక్కేవాడేమో అపా. నేను ఫోన్ తీసినా దక్కేవాడేమో. ఖాయంగా చెప్పలేను."

"నాకు తెలుసు," అని గొణిగింది బూరుల్‌కాన్. "వేడి గుడ్డ కట్టాను. వేడి గుడ్డ కట్టి పడుకోబెట్టాను నా తల్లిని. అందుకే నిన్ను తిడుతూ ఉన్నాను. నిన్ను తిట్టడం మానితే నన్ను నేను తిట్టుకోవాలి కదా."

మీరిమ్ ఇద్దరి దగ్గరకు వచ్చి కూర్చుంది. ఎవరినీ క్షమించినట్టు లేదు, కోపంగానూ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని సైకల్‌ను అడిగింది.

"వాడెలా ఉన్నాడు?"

"ఎవరు?"

"నా కొడుకు. నాకు మెలకువ వచ్చేసరికి తీసుకెళ్లి పాతేశారు. చూడకపోవడమే మంచిదన్నారు. నువ్వు చూశావుగా. నువ్వే ఎత్తుకున్నావని నర్సు చెప్పింది."

సైకల్‌కు ఆ బరువు చేతుల్లోకి తిరిగొచ్చినట్టయింది. "నేనే ఎత్తుకున్నాను. తుడిచి గుడ్డలో చుట్టాను. జుట్టు ఒత్తుగా ఉంది, చెవుల మీదకు పడుతూ. గడ్డం మధ్యలో సొట్ట, అచ్చం మీ నాన్నగారిలా. వేళ్లు పొడుగ్గా ఉన్నాయి. నిద్రపోతున్నట్టే ఉన్నాడు మీరిమ్. ముఖంలో బాధ లేదు. అందరూ నీ చుట్టూ ఉన్నారు. నేనూ నీ దగ్గరికి రావాలి. కింద పెట్టడానికి చెయ్యి రాలేదు."

మీరిమ్ ఒక్కో మాటకూ తల ఊపింది. ఇంకా చెప్పు అన్నట్టు చూసింది. చెప్పడానికి ఇంకేమీ లేదు. వాడి జీవితమంతా అంతే.

"ఎల్దియార్ అని పెడదామనుకున్నాను," అంది చివరికి. "తిలెక్‌కు కూడా చెప్పలేదు. పుట్టాక చెబుదామని."

ఆ పేరు వినగానే బూరుల్‌కాన్ గోడ వైపు తిరిగింది. ఊపిరి పోసుకోని బిడ్డకు శోకాలు పెట్టరు. చలికాలంలో పాతిపెట్టి వచ్చిన రోజు కూడా ఈ ఇంట్లో ఎవరూ పైకి ఏడవలేదు. ఇప్పుడామె శోకాలు పెట్టే ఆడవాళ్లలా నడుము మీద రెండు చేతులూ పెట్టుకుని గొంతెత్తింది. నా ఎల్దియార్, నా పొడుగు వేళ్ల ఎల్దియార్, గుర్రం ఎక్కకుండానే వెళ్లిపోయావా, అమ్మమ్మ కట్టిన వేడి గుడ్డ నీకు సమాధి గుడ్డ అయిందా అంటూ, పోయిన పెద్ద మగవాడికి పాడినట్టు పాడింది. మీరిమ్ తల్లి వీపుకు నుదురు ఆనించి ఏడ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె అలా ఏడవడం అదే మొదలు.

ఆ శోకం విని పక్కింటి బర్చిన్ పరుగున గేటు తోసుకుని వచ్చింది. చేతులకు ఇంకా సబ్బు నురగ ఉంది. సైకల్ కళ్లు తుడుచుకుని గుమ్మంలోకి వెళ్లింది.

"అయ్యో, ఎవరమ్మా? ఎవరు పోయారు?"

"మా మేనల్లుడు అక్కా. ఎల్దియార్. మా మీరిమ్ కొడుకు."

బర్చిన్‌కు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అది చలికాలం మాట కదా అని ఆమె అనలేదు. తలగుడ్డ సరిచేసుకుని, గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. మీరిమ్ పక్కన కూలబడి, ఆమె మెడ చుట్టూ తడి చేతులు వేసింది.