గాజుతొట్టి కింద చెక్కపేడు

పిల్లలూ, ఒక యువరాజు చేపగా మారిపోయిన కథ ఇది. తప్పు యువరాజుదే, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మేఘవర రాజ్యపు యువరాజు చిత్రభానుడికి ఊరకుండటం చేతకాదు. కొలనులో తపస్సు చేసుకుంటున్న ముని చుట్టూ రాళ్లు విసిరి నీళ్లన్నీ కలబెట్టాడు. ముని కళ్లు తెరిచి, "చేపవై పో!" అని శపించాడు. రాజు కాళ్లావేళ్లా పడితే కాస్త మెత్తబడి ఒక గాజుతొట్టి ఇచ్చాడు. దాని లోపల నాలుగు గోడల మీదా బంగారు గీత ఉంది.

"నల్లమద్ది చెక్కతో ఒక్కరే చేసిన బల్ల మీద దీన్ని పెట్టండి. నీళ్లు నాలుగు వైపులా ఈ గీతను సమంగా తాకితే వీడు మనిషవుతాడు. గడువు నలభై రోజులు. ఆఖరి రోజు పొద్దు గుంకితే ఇక ఎప్పటికీ చేపే" అన్నాడు ముని.

నల్లమద్ది చెట్లున్నది రాక్షసుడి అడవిలో. ఆస్థాన వడ్రంగి కాళాచారికి చూపు మందగించింది. ఆయన కూతురు పేరిందేవి తండ్రి పనిముట్ల సంచి భుజాన వేసుకుంది.

"అక్కడ రాక్షసుడున్నాడమ్మా!" అన్నాడు కాళాచారి.

"ఉంటే ఉండనీ నాన్నా. చెట్టు కూడా ఉందిగా!" అంది పేరిందేవి.

పద్దెనిమిది రోజులు నడిచాక ఏరు అడ్డొచ్చింది. పడవంత తాబేలు తల ఎత్తి, "పొడుపు విప్పితేనే దాటిస్తాను. వాలు చూస్తే పరుగెడుతుంది, వాలు లేకపోతే పడుకుంటుంది. ఏమిటది?" అంది.

పేరిందేవి ఏటి వైపు చూసి నవ్వింది. "నీళ్లు, తాతా!"

"గుర్తుంచుకో. మనుషుల కళ్లు పొరపడతాయి గానీ నీళ్లు పొరపడవు" అని తాబేలు ఆమెను వీపు మీద దాటించింది.

అవతలి గట్టున తాటిచెట్టంత రాక్షసుడు కుంటుతూ ఎదురొచ్చాడు. పేరిందేవి అతడి కాళ్ల వంక చూసింది. అడుగు వెనక్కి వేయలేదు.

"మావయ్యా, నీ ఎడమకాలు పొట్టిది కదూ?"

రాక్షసుడు ఎత్తిన చెయ్యి దించేశాడు. "నడుం నొప్పితో చస్తున్నానే పిల్లా! వైద్యులంతా నడుముకే పట్టీలు వేశారు. కాలు చూసింది నువ్వొక్కదానివే."

ఆమె జానెడు మందాన నల్లమద్ది చెప్పు చెక్కి ఆ కాలికి తొడిగింది. రాక్షసుడు నిటారుగా నిలబడ్డాడు. నిలబడి, పసిపిల్లాడిలా ఏడ్చాడు. తరువాత ఒక నల్లమద్ది మానే పెకలించి భుజాన వేసుకుని ఆమె వెంట నడిచాడు.

కోట చేరేసరికి ముప్ఫై ఎనిమిదో రోజు. పేరిందేవి నిద్ర మానుకుని బల్ల చేసింది. నలభయ్యో రోజు మధ్యాహ్నం తొట్టి ఎక్కించి, నీళ్లు పోసి, చేపను వదిలారు. అయ్యో! తూర్పు మూల నీళ్లు గీత దాటాయి, పడమర మూల గీతకు బియ్యపు గింజంత కిందే ఆగిపోయాయి.

"ఓస్, ఇంతేనా!" అంటూ మంత్రి తూర్పు మూల గాజు కింద బంగారు కాసు దూర్చాడు. గాజు కిర్రుమంది. మూలన వెంట్రుకంత పగులు కనబడింది.

"తీసెయ్యండి! గాజుకేం రోగం లేదు. పొట్టిగా ఉన్నది బల్ల కాలు!" అని అరిచింది పేరిందేవి.

కాసు తీశారు. చేపకు చాలినన్ని ఉంచి మిగతా నీళ్లు బిందెల్లోకి తోడారు. మిగిలిన నల్లమద్ది చెక్క కోసం ఒకడు ఊరి చివరి వడ్రంగిశాలకు పరుగెత్తబోతుంటే, అంత వ్యవధి లేదని రాక్షసుడు తన చెప్పు విప్పి చాచాడు.

"ఇందులోంచి ఓ పేడు తీసుకో తల్లీ."

"నీకు మళ్లీ కుంటు వస్తుంది మావయ్యా!"

"కుంటితే నడుస్తాను. ఆ పిల్లాడికి కాళ్లే లేవు."

రాక్షసుడు బల్ల మూల పైకెత్తాడు. ఆమె పొట్టి కాలి కింద పేడు దూర్చి నీళ్లు పోయించింది. ఈసారి పడమటికి ఒరిగింది! మళ్లీ నీళ్లు తోడించింది, పేడు చిత్రిక పట్టింది, మళ్లీ పోయించింది. వేళ్లు చీరుకుపోయినా ఆపలేదు. ఎండ గోడ మీద నుంచి జారిపోతుండగా నీళ్లు నిమ్మళించి, నాలుగు గోడల మీదా బంగారు గీతను తాకాయి.

మరుక్షణం తొట్టి పక్కన తడిసి ముద్దయిన చిత్రభానుడు నిలబడి ఉన్నాడు. రాజు కొడుకును కౌగిలించుకుని భోరుమన్నాడు.

వారం తిరగకుండానే యువరాజు, "నన్ను పెళ్లాడతావా?" అని పేరిందేవిని అడిగాడు.

"ముందు ఆ మునిగారికి క్షమాపణ చెప్పి రండి" అందామె. అతడు ఒక్కడే నడిచి వెళ్లి చెప్పి వచ్చాడు. అప్పుడు ఒప్పుకుంది.

పెళ్లినాడు ముహూర్తం ముంచుకొచ్చినా పెళ్లికూతురు పీటల మీద లేదు. "అమ్మాయీ, వేళ మించిపోతోంది!" అని పురోహితుడు గగ్గోలు పెట్టాడు. పట్టుచీర కొంగు దోపుకుని, ఒళ్లంతా చెక్కపొట్టుతో ఆమె పందిరి వెనక నేల మీద కూర్చుని ఉంది.

"ఇంకొక్క చిత్రిక పట్టాలి, ఆగండి" అంది, రాక్షసుడి కాలికి కొత్త చెప్పు సరిచూస్తూ.

ఆ తరువాతే తాళి కట్టించుకుంది. రాక్షస మావయ్య రెండు కాళ్ల మీదా సమంగా నిలబడి, అందరికంటే ముందు అక్షింతలు వేశాడు.